గేముల్లో గ్రీకు పేర్లు: పేరు వెనక కథ తెలిశాక ఆట ఇంకోలా కనిపిస్తోంది

స్టిక్స్_ఒడ్డున

పాతాళ దేవుడి పేరు మీద వచ్చిన హేడీస్ ఆట మొదలుపెట్టి నెల దాటింది. ఇన్నాళ్లూ అందులో హీరోకి పెట్టిన జాగ్రియస్ అనే పేరు ఆట చేసినవాళ్లు సొంతంగా కల్పించుకున్నదే అనుకున్నాను. చిన్నప్పటి నుంచి విన్న గ్రీకు పేర్లలో జ్యూస్ ఉన్నాడు, హెర్క్యులిస్ ఉన్నాడు, మెడూసా ఉంది గానీ ఇది మాత్రం ఎక్కడా తగల్లేదు. మొన్న ఆదివారం కూర్చుని వెతికితే చాలా పాత పేరని తేలింది. ఓర్ఫియస్ అనే పురాణ గాయకుడి పేరు మీద నడిచిన ఒక భక్తి సంప్రదాయంలో జ్యూస్‌కీ పాతాళ రాణి పెర్సెఫనీకీ ఒక బిడ్డ పుడతాడు. జ్యూస్ కంటే ముందు తరం దేవుళ్లైన టైటన్లు అద్దం, ఆటబొమ్మలు చూపించి ఆ పిల్లాడిని దగ్గరికి పిలిచి ముక్కలుగా చీల్చేస్తారు. గుండె ఒక్కటి దక్కుతుంది. దాంతోనే మళ్లీ ద్రాక్షసారా దేవుడు డయోనిసస్‌గా పుడతాడు.

చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఆ ఆటలో మనం చేసే పనే అది కదా! చస్తాం, పాతాళంలోని స్టిక్స్ నది రక్తపు మడుగులోంచి లేస్తాం, ఒళ్లు దులుపుకుంటూ నిద్ర దేవుడు హిప్నోస్ ముందు నుంచి నడుస్తాం, అతను చేతిలో జాబితా చూసి ఈసారి ఎవరి చేతిలో పోయామో చెప్తాడు, మళ్లీ మొదటి గది. చచ్చి పుట్టడమే ఆట మొత్తం. దానికి చచ్చి పుట్టిన దేవుడి పేరే వెతికి పెట్టారంటే ఆ పేరు మీద ఎంతసేపు ఆలోచించి ఉంటారో.

ఆటలో మనకి అడ్డొచ్చే ఫ్యూరీలు, అంటే పగ తీర్చే ముగ్గురు అక్కచెల్లెళ్లు కూడా అంతే. అలెక్టో అంటే ఆగనిది, శాంతించనిది. ఆటలో ఆమెకే కోపం కొలిచే పట్టీ ఒకటి నిండుతూ ఉంటుంది. టిసిఫనీ అంటే హత్యకు ప్రతీకారం, ఆమె నోట్లోంచి హంతకుడా అన్న మాట తప్ప దాదాపు ఇంకేమీ రాదు. మొదట్లో ఆమెకు డైలాగులు రాయలేదేమో అనుకున్నా. పేరే డైలాగు అని ఇప్పుడు అర్థమైంది.

ఇలా పేరులోనే కథ ఉన్న పాత్రలు మీకు ఏ ఆటలో కనిపించాయో రాయండి. ఊరికే గ్రీకులో ఉందని పెట్టిన పేర్లు వద్దు, పేరుకీ పాత్రకీ నిజంగా సంబంధం ఉన్నవి కావాలి.

గోదారి_గేమర్

మంచి టాపిక్ ఎత్తారు అన్నా. గాడ్ ఆఫ్ వార్ సంగతి మాత్రం వేరు అనుకుంటా. 2005లో మొదటి భాగం వచ్చినప్పటి నుంచి ఆడుతున్నాను, జ్యూస్, ఏరీస్, ఎథీనా అందరూ పురాణంలో వాళ్లే, హీరో క్రాటోస్ ఒక్కడు మాత్రం స్టూడియో వాళ్లు పుట్టించిన మనిషి. గ్రీకులో బలం అని అర్థమట. బలశాలికి బలం అని పేరు పెట్టారు, అంతకంటే లోతు ఏమీ లేదు.

పాత_పుస్తకం

రెండు చిన్న సవరణలు.

మొదటిది జాగ్రియస్ గురించి. టైటన్లు చీల్చిన బిడ్డ కథ ఓర్ఫియస్ సంప్రదాయానిదే, కానీ ఆ బిడ్డకి జాగ్రియస్ అన్న పేరు అంటగట్టింది తర్వాతి కవులు. ఇంకా ఆసక్తికరమైన ముక్క ఇంకొకటి ఉంది. ఈస్కిలస్ రాసి ఇప్పుడు దొరకని నాటకాల్లోంచి మిగిలిన కొన్ని పంక్తుల్లో జాగ్రియస్‌ని పాతాళంతోనూ హేడీస్‌తోనూ ముడిపెట్టారు. అంటే ఆటలో అతను హేడీస్ కొడుకు కావడం గాల్లోంచి తీసింది కాదు. పాత కథలో రెండు పంక్తుల సందు దొరికితే అందులోకి దూరి ఇల్లు కట్టుకున్నారు. అందరికీ తెలిసిన ఎకిలీస్‌నో పెర్సియస్‌నో హీరోగా పెట్టుకుంటే ఈ స్వేచ్ఛ ఉండేది కాదు, అతని పుట్టుక, చావు అన్నీ ముందే రాసేసి ఉన్నాయి.

రెండోది క్రాటోస్. గోదారి గారూ, క్రాటోస్ పురాణంలో ఉన్నాడండీ. స్టిక్స్ నదీదేవతకి నలుగురు పిల్లలు: నైకీ అంటే గెలుపు, బియా అంటే బలాత్కారం, జీలస్ అంటే పంతం, క్రాటోస్ అంటే బలం, అధికారం. వీళ్లు ఎప్పుడూ జ్యూస్ పక్కనే ఉంటారని పాత గ్రీకు కవి హెసియడ్ చెప్తాడు. ఈస్కిలస్ పేరు మీద ఉన్న ప్రొమీథియస్ బౌండ్ నాటకం మొదలయ్యేదే క్రాటోస్ మాటలతో. మనుషులకి నిప్పు ఇచ్చిన ప్రొమీథియస్‌ని కొండకి కట్టెయ్యడానికి ఈడ్చుకొస్తాడు. గొలుసులు బిగించాల్సిన కమ్మరి దేవుడు హెఫీస్టస్‌కి చేతులు రావు, అయ్యో నా బంధువు అని బాధపడుతుంటే క్రాటోస్ పక్కన నిలబడి ఇంకా గట్టిగా కొట్టు, వదులు చెయ్యకు అని తరుముతుంటాడు. జాలి అనేది ఒక్క చుక్క లేని మనిషి.

డెమోక్రసీలో ఉన్న క్రసీ కూడా ఇదే మాట. డెమోస్ అంటే ప్రజలు, క్రాటోస్ అంటే అధికారం. ఓటేసిన ప్రతిసారీ ఈ పేరు వాడుతూనే ఉన్నాం.

గోదారి_గేమర్

అమ్మో, ఇది నాకు అస్సలు తెలీదు, థాంక్స్ అండీ. ఇప్పుడే వెతికి చూశా, ఆట చేసినవాళ్లకి కూడా పేరు పెట్టేటప్పుడు ఈ క్రాటోస్ సంగతి తెలియదట, బలం అన్న అర్థం చూసి పెట్టుకున్నారు, తర్వాత తెలిసిందట.

కానీ మీరు చెప్పింది చదవగానే రెండో భాగం గుర్తొచ్చింది. 2007లో వచ్చింది కదా, అందులో ప్రొమీథియస్ ఉంటాడు! గొలుసులకి వేలాడుతుంటాడు, గద్ద వచ్చి పొడుస్తుంటుంది, నన్ను వదిలించు అని బతిమాలతాడు. క్రాటోస్ విల్లు సంపాదించుకొచ్చి గొలుసు తెంచుతాడు, అతను కింద మంటలో పడి కాలిపోతాడు, ఆ బూడిద నుంచి క్రాటోస్‌కి కొత్త శక్తి వస్తుంది. నాటకంలో కట్టేయించిన చేతులే ఆటలో విప్పుతున్నాయి. జ్యూస్ నౌకరుగా ఉన్న పేరు చివరికి జ్యూస్‌నే చంపింది. పదిహేనేళ్లకు పైగా ఆడిన ఆట, ఈ ఒక్క సీన్ కోసం మళ్లీ పెట్టి చూడాలి.

డార్క్_అవర్

పేరులో కథ అంటే నా ఓటు పెర్సోనా 3కి. 2006 ఆట, 2024లో రీలోడ్ అని కొత్తగా చేసి వదిలారు. *ఆడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, కథలో ముఖ్యమైన చావు గురించి రాయబోతున్నాను.*

ఇందులో ప్రతి పిల్లాడి లోపలి నుంచి ఒక రూపం బయటికి వస్తుంది, దాదాపు అన్నిటికీ గ్రీకు పేర్లే. అకిహికో అనే కుర్రాడు స్కూల్లో బాక్సింగ్ ఆడతాడు, అతని రూపం పేరు పాలీడ్యూసిస్. షింజిరో అతనికి చిన్నప్పటి నుంచి స్నేహితుడు, ఇద్దరూ ఒకే అనాథాశ్రమంలో పెరిగారు, అన్నదమ్ముల్లాగే ఉంటారు. షింజిరో రూపం కాస్టర్, గుర్రం మీద ఉంటుంది. ఆడుతున్నప్పుడు ఇవన్నీ ఏవో విదేశీ పేర్లు అని దాటేశాను.

ఇప్పుడు పురాణం చూడండి. కాస్టర్, పాలీడ్యూసిస్ కవలలు. ఒకే తల్లి, కానీ పాలీడ్యూసిస్ తండ్రి జ్యూస్, అందుకని చావు లేదు. కాస్టర్ తండ్రి మామూలు రాజు, అందుకని చావు తప్పదు. పాలీడ్యూసిస్ ముష్టియుద్ధంలో దిట్ట, కాస్టర్ గుర్రాలను మచ్చిక చేయడంలో దిట్ట. ఆట మొదట్లోనే ఎవరు పోతారో పేరులో రాసి పెట్టేశారు! అక్టోబరు 4 రాత్రి షింజిరో ఒక చిన్నపిల్లాడికి అడ్డంగా నిలబడి తూటాలు తింటాడు. ఆ పిల్లాడి పేరు కెన్, వాడి రూపం నెమెసిస్, అంటే చేసినదానికి ప్రతిఫలం చెల్లించే దేవత. కెన్ వాళ్లమ్మ చావుకి షింజిరోనే కారణం, వాడు ఆ రాత్రి పగ తీర్చుకోవడానికే వచ్చాడు. ఎవరి కథ ఏంటో వాళ్ల పేర్లే చెప్తున్నాయి, మనమే వినలేదు.

మా తమ్ముడూ నేనూ కలిసి ఆడేవాళ్లం, ఆ రాత్రి సీన్ అయ్యాక ఇద్దరం కంట్రోలర్ పక్కన పెట్టేసి చాలాసేపు మాట్లాడుకోలేదు. వాడిప్పుడు వేరే దేశంలో ఉన్నాడు. ఈ కవలల సంగతి తెలిసిన రోజు వాడికి అర్ధరాత్రి అయినా ఫోన్ చేశాను.

పాత_పుస్తకం

డార్క్ అవర్ గారూ, ఆ కవలల కథకి ఇంకో ముక్క ఉంది. కాస్టర్ చనిపోయాక పాలీడ్యూసిస్ ఒక్కడే అమరుడిగా ఉండటానికి ఒప్పుకోడు, నా ఆయుష్షులో సగం వాడికివ్వు అని జ్యూస్‌ని అడుగుతాడు. ఇద్దరూ ఒక రోజు పాతాళంలో, ఒక రోజు దేవతల దగ్గర గడుపుతారు. ఆకాశంలో మిథున రాశిలో పక్కపక్కన మెరిసే రెండు చుక్కలు వాళ్లే. మన పంచాంగంలో పునర్వసు నక్షత్రం అంటే ఆ రెండు చుక్కలే. చలికాలంలో రాత్రి తొమ్మిది, పది ప్రాంతంలో మేడ మీదికెళ్లి తూర్పు వైపు చూస్తే పట్నంలో కూడా కనిపిస్తాయి.

డార్క్_అవర్

మా తమ్ముడిది పునర్వసు నక్షత్రమే అండీ. ఇంక ఏం రాయాలో తెలియట్లేదు.

మైదుకూరు_మినోటార్

అందరూ మెచ్చుకుంటున్నారు గానీ నేను కాస్త ఎదురు మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. సగం ఆటల్లో గ్రీకు పేరు అంటే గోడకి కొట్టిన రంగు మాత్రమే. 2018లో వచ్చిన అస్సాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ తీసుకోండి. కస్సాండ్రా అని హీరోయిన్‌కి పేరు. ట్రాయ్ కస్సాండ్రా ఎవరు? జరగబోయేది చెప్పగలదు, కానీ అపోలో శాపం వల్ల ఎవరూ నమ్మరు. శత్రు సైనికులు దాక్కున్న గుర్రం బొమ్మని ఊరి లోపలికి తేవద్దని ఎంత మొత్తుకున్నా వినరు. ఎంత గొప్ప బాధ అది! ఆటలో కస్సాండ్రా భవిష్యత్తు చెప్పదు, అందరూ ఆమె మాట వింటారు, డబ్బిచ్చి మరీ పని చేయించుకుంటారు. ఆమె బదులు అలెక్సియోస్ అనే హీరోగా ఆడినా అదే కథ. మరి ఆ పేరు ఎందుకు? గ్రీకులా వినిపిస్తుందని.

బార్డర్‌ల్యాండ్స్‌లో గ్రహం పేరు పండోరా, కంపెనీల పేర్లు అట్లాస్, హైపీరియన్. ఇవి కూడా అంతే, వినడానికి బరువుగా ఉంటాయని పెట్టినవి.

క్లౌడ్_అమ్మాయి

మినోటార్ గారూ, ఒడిస్సీ విషయంలో సగం ఒప్పుకుంటాను. కానీ అదే ఆటలో ఆమె గుర్రం పేరు ఫోబోస్. పసివాడిగా కొండ మీంచి విసిరేసిన తమ్ముడు బతికే ఉంటాడు, శత్రువులు వాడికి పెట్టిన పేరు డెయిమోస్. పురాణంలో ఫోబోస్, డెయిమోస్ ఇద్దరూ యుద్ధదేవుడు ఏరీస్ కొడుకులు, భయం, భీతి. అంగారకుడి రెండు ఉపగ్రహాలకీ 1877లో కనిపెట్టాక ఆ పేర్లే పెట్టారు. అంటే తమ్ముడు బతికున్నాడని ఆమెకి తెలియకముందే జంటలో ఒక పేరుని రోజూ పిలుస్తూ దాని మీద తిరుగుతోంది, రెండోది ఎదురుపడేదాకా. గుర్రాన్ని ఈలేసి పిలిచినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఈ పేర్లు యథాలాపంగా పెట్టినవని నేను నమ్మను.

ఇంక నాకు బాగా నచ్చిన ఆట 2017 నాటి హొరైజన్ జీరో డాన్. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, మా దగ్గర సర్వర్లకి, ప్రాజెక్టులకి గ్రీకు పేర్లు పెట్టడం మామూలే. సర్వర్లలో ప్రోగ్రాములు నడిపే కుబర్నెటీస్ అన్న సాఫ్ట్‌వేర్ పేరే గ్రీకులో చుక్కాని పట్టేవాడు. అందుకే ఈ ఆట నాకు పనికి దగ్గరగా అనిపించింది. భూమి మీద ప్రాణం మొత్తం పోయాక మళ్లీ మొలకెత్తించడానికి ఒక యంత్రబుద్ధిని తయారుచేస్తారు, పేరు గయా, భూమాత. ఆమె కింద తొమ్మిది భాగాలు, ఒక్కోదానికి ఒక్కో దేవత పేరు. పోసైడన్ నీళ్లు శుభ్రం చేస్తుంది, డిమీటర్ మొక్కలు పెంచుతుంది, ఆర్టెమిస్ జంతువులను తెస్తుంది, అపోలో చదువు దాస్తుంది. ఎల్యూథియా మనుషులను పుట్టిస్తుంది, అది కాన్పుల దేవత పేరు. ప్రయత్నం చెడిపోతే అంతా తుడిచేసి మళ్లీ మొదటికి తెచ్చే భాగం పేరు హేడీస్.

అందరికంటే హెఫీస్టస్ నాకిష్టం. ఆటలో యంత్రాలు తయారుచేసేది అదే, కొండల లోపల పెద్ద పెద్ద కొలుముల్లో. హోమర్ కావ్యం ఇలియడ్ 18వ భాగంలో హెఫీస్టస్ కొలిమికి థెటిస్ అనే దేవత వస్తుంది, కొడుకు ఎకిలీస్‌కి కవచం అడగడానికి. అప్పుడతను చక్రాలున్న ముక్కాలి పీటలు చేస్తుంటాడు, అవి వాటంతట అవే దేవతల సభకి వెళ్లి తిరిగొస్తాయి. కుంటుతూ నడిచే అతన్ని పట్టుకునేది బంగారంతో చేసిన అమ్మాయిలు, వాళ్లకి మాటా బుద్ధీ ఉంటాయి. మనం ఇప్పుడు రోబో అంటున్నదాన్ని అంత పాత కాలంలోనే ఒక కమ్మరి దేవుడి ఇంట్లో ఊహించారు. ఆటలో యంత్రాల కొలిమికి వేరే ఏ పేరు పెట్టినా తప్పయ్యేది.

ఒక్కటే నాకు మింగుడుపడనిది. తొమ్మిదిలో ఒకదాని పేరు మినర్వా. అది రోమన్ పేరు, మిగతావన్నీ గ్రీకు. ఎథీనా అని ఎందుకు పెట్టలేదో!

మైదుకూరు_మినోటార్

ఫోబోస్ సంగతి నేను గమనించలేదు. ఒప్పుకుంటున్నాను, అది బాగుంది. కస్సాండ్రా మీద మాత్రం నా మాట మారదు.

మీరు యంత్రబుద్ధి అన్నారు కాబట్టి 2000లో వచ్చిన డ్యూస్ ఎక్స్ కూడా చెప్పాలి. అందులో డేడలస్ అనే ప్రోగ్రామ్ తప్పించుకుని తిరుగుతుంటుంది, దాన్ని పట్టుకోవడానికి ఇకారస్ అనే ఇంకోదాన్ని వదులుతారు. రెండూ ఎదురుపడి ఒకటైపోతాయి, పుట్టిన కొత్తదాని పేరు హీలియోస్. సూర్యుడు. పురాణంలో తండ్రి డేడలస్ మైనంతో రెక్కలు చేశాడు, కొడుకు ఇకారస్ సూర్యుడికి మరీ దగ్గరగా ఎగిరి మైనం కరిగి పడిపోయాడు. ఇక్కడ ఇద్దరూ కలిసి ఆ సూర్యుడే అయిపోయారు. ఇది రంగు కాదు, పునాది. ఇలాంటివి తక్కువని నా బాధ.

నెట్‌సెంటర్_నాని

నాకు ఇంత లోతు తెలియదు గానీ ఒక్క మాట. ఇంటర్ చదివే రోజుల్లో మా ఊరి నెట్ సెంటర్లో ఏజ్ ఆఫ్ మైథాలజీ ఉండేది, 2002 ఆట. గ్రీకుల తరఫున ఆడితే మనిషి మీద నొక్కగానే ప్రోస్టాగ్మా అనేవాడు. అర్థం తెలియకుండానే మా బ్యాచ్ మొత్తానికి అది ఊతపదం అయిపోయింది, క్యాంటీన్‌లో టీ చెప్పినా ప్రోస్టాగ్మా అనేవాళ్లం. ఆజ్ఞ అని అర్థమని చాలా ఏళ్లకి తెలిసింది. సైక్లోప్స్, మినోటార్, హైడ్రా, పెగాసస్ అన్నీ నాకు పరిచయమైంది పుస్తకంలో కాదు, ఆ తెర మీదే. స్కూల్లో ఎవరూ చెప్పలేదు, ఆ ఆట చెప్పింది. అందుకే ఊరికే రంగుగా పెట్టిన పేరైనా నేను తక్కువ చెయ్యను, ఎవడో ఒకడు దాన్ని పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తాడు.

అసుర_సంధ్య

మరి మన పురాణాల నుంచి ఇలా ఎందుకు రావట్లేదు అని ఎవరో ఒకరు అడుగుతారని చూస్తున్నాను, నేనే అడుగుతాను.

వస్తున్నాయి, కానీ కొన్నే. 2020లో పుణె వాళ్ల రాజీ వచ్చింది, తప్పిపోయిన తమ్ముడి కోసం అక్క చేసే పోరాటం, దుర్గ, విష్ణువు కథ చెప్తుంటారు. అంతకు ముందే 2017లో మన హైదరాబాద్‌లోని ఓగ్రెహెడ్ స్టూడియో వాళ్లు అసుర అని చేశారు, మళ్లీ మళ్లీ చచ్చి ఆడే రకమే. నేను అది కొని ఆడాను, అసురుడి వైపు నుంచి కథ నడపడం నాకు బాగా నచ్చింది.

గ్రీకు దేవుళ్లతో ఉన్న వెసులుబాటు మన దగ్గర లేదు. హేడీస్ ఆటలో డయోనిసస్‌ని తాగుబోతు స్నేహితుడిలా చూపిస్తే చాలామందికి ఇబ్బంది లేదు. మన దేవుళ్లకి ఇవాళ పొద్దున కూడా ఇంట్లో దీపం పెట్టాం. స్మైట్ అనే ఆటలో కాళికను చూపించిన తీరు మీద 2012లోనే అభ్యంతరాలు వచ్చాయి, నాకూ ఆ బొమ్మ నచ్చలేదు. అయితే పైన పాత పుస్తకం గారు జాగ్రియస్ గురించి చెప్పింది మనకీ పనికొస్తుంది. పెద్ద దేవుళ్ల జోలికి వెళ్లక్కర్లేదు. భారతంలో రెండు మూడు చోట్ల మాత్రమే కనిపించే ఉలూపి ఉంది, నాగలోకం పిల్ల, అర్జునుడి భార్య, చనిపోయిన అర్జునుణ్ని మణితో బతికిస్తుంది. ఆమె రోజు ఎలా గడిచేదో ఎవరూ రాయలేదు. ఆ ఖాళీలో ఎంత ఆట పడుతుందో ఆలోచించండి.

గోదారి_గేమర్

ఉలూపి ఆట వస్తే మొదటి రోజే కొంటాను. మాట మీద నిలబడతా.

స్టిక్స్_ఒడ్డున

ఒక్క పోస్టుకి ఇంత వస్తుందనుకోలేదు, అన్నీ రెండేసి సార్లు చదివాను. ఒక సందేహం, హేడీస్ రెండో భాగంలో విలన్ క్రోనోస్, కాలానికి అధిపతి. జ్యూస్ తండ్రి కూడా క్రోనోసే కదా, ఇద్దరూ ఒకరేనా?

పాత_పుస్తకం

గ్రీకులో రెండు వేరు పేర్లు. జ్యూస్ తండ్రి పేరు కప్పా అక్షరంతో మొదలవుతుంది, కాలం అనే మాట ఖీ అక్షరంతో. తెలుగులో రాస్తే క్రోనోస్, ఖ్రోనోస్ అనుకోండి. వినడానికి దగ్గరగా ఉండేసరికి పాత గ్రీకులే రెండిటినీ కలిపేశారు, పిల్లల్ని మింగే తండ్రి అంటే అన్నిటినీ మింగే కాలమే అని అర్థం చెప్పుకున్నారు. ఆట ఆ కలిపిన రూపాన్నే తీసుకుంది.

అందులో హీరోయిన్ మెలినోయి పేరు కూడా జాగ్రియస్ లాంటిదే. ఓర్ఫిక్ స్తోత్రాల్లో 71వది ఆమె మీద, ఆమె గురించి మనకి దొరికే వివరం దాదాపు అదొక్కటే. పెర్సెఫనీ కూతురు, ఒంటి రంగు రెండు రకాలు, చీకట్లో వింత వింత రూపాలుగా కనిపించి మనుషులను హడలగొడుతుంది. ఆటలో ఆమె రెండు కళ్లు రెండు రంగుల్లో ఉంటాయి, చూడండి.

స్టిక్స్_ఒడ్డున

రాత్రి మీ పోస్టు చదివి మొదటి భాగమే మళ్లీ పెట్టాను. జాగ్రియస్ ఒకసారి డయోనిసస్‌తో కలిసి ఓర్ఫియస్‌ని ఆటపట్టిస్తాడు, మేమిద్దరం నిజానికి ఒకరమే అని. ఓర్ఫియస్ అది నమ్మేసి పాట కట్టేస్తాడు, బిడ్డని చీల్చడం, మళ్లీ పుట్టడం అన్నీ అందులో. జాగ్రియస్ ఇది అబద్ధం, పాడొద్దు అంటాడు, ఓర్ఫియస్ వినడు. మొదటిసారి ఆడినప్పుడు ఏదో సరదా సీన్ అని బటన్ నొక్కి దాటేశాను. ఓర్ఫియస్ పేరు మీద నడిచిన ఆ పాత కథ అసలు ఎలా పుట్టిందో ఆ సీన్‌లోనే చూపించేశారు. నిన్న మాత్రం బటన్ ముట్టుకోకుండా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పాట మొత్తం అయ్యేదాకా ఆ హాల్లోనే నిలబడ్డాను.